పాత బాణానికి కొత్త అర్థం ఇవ్వకండి

మీ కర్మాగారం కోసం తయారుచేసుకున్న యంత్రాల అమరికను బొమ్మగా గీసి చూపే మోడలింగ్ భాషలో, యంత్రాలు మారినప్పుడు పాత గుర్తులను సవరించాలా, కొత్తవి చేర్చాలా అని అడిగారు. కొత్తవి చేర్చండి. నేను దీనికి విరుద్ధంగా చేసి దెబ్బతిన్నాను.

విశాఖపట్నంలో రుషికొండ దగ్గర ఒక చిన్న సంస్థలో ఉన్నప్పుడు, రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం మోసే కన్వేయర్ బెల్టుల కోసం ఇలాంటి భాషనే తయారుచేశాం. సరుకు పోసే గరాటు లాంటి హాపర్‌కు ఒక గుర్తు, బెల్టుకు ఒకటి, సరుకు వెళ్లే దిక్కుకు బాణం. ఇంజినీరు బొమ్మ గీస్తే, ఏ బెల్టు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో చూసుకునే ఇంటర్‌లాక్ ప్రోగ్రాము దానంతటదే తయారయ్యేది. వరుసలో చివరి బెల్టు ముందు కదలాలి, మొదటిది ఆఖరున. ఏ బెల్టు ఆగినా దానికి సరుకు అందించేవన్నీ వెంటనే ఆగాలి, లేకపోతే సరుకు కుప్పపడుతుంది. ఈ క్రమమంతా ప్రోగ్రాముకు తెలిసేది బాణం వల్లే.

తర్వాత రెండు వైపులా తిరిగే బెల్టు వచ్చింది. దానికి మా భాషలో గుర్తు లేక ఇంజినీర్లు బాణం పక్కన ‘ఇటు కూడా’ అని రాసుకోసాగారు. భాషలో ఏది కొరవడిందో తెలియాలంటే ఇలాంటి రాతలే వెతకాలి. ఏ సమావేశంలోనూ ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పరు. మేమేమో బాణం అంటే ఇకపై కలయిక మాత్రమే, దిక్కు విడిగా నింపాలి అని మెటామోడల్‌ను, అంటే గుర్తుల అర్థాలను నిర్ణయించే నియమాలను, మార్చేశాం. పాత బొమ్మలన్నీ ఒక్క తప్పూ చూపకుండా తెరుచుకున్నాయి. దిక్కు గడి ఖాళీగా ఉండటంతో బెల్టులన్నీ ఒకేసారి కదిలేలా ప్రోగ్రాము వచ్చింది. సిమ్యులేటర్ పరీక్షలోనే బయటపడింది కాబట్టి సరిపోయింది కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బాణానికి పాత అర్థం తిరిగి ఇచ్చి, రెండు తలల బాణాన్ని కొత్త గుర్తుగా చేర్చాం. ప్రతి ఫైలులో భాష వెర్షన్ సంఖ్య పెట్టాం. పాత ఫైళ్లను మార్చే ప్రోగ్రాము, పక్కన రాత ఉన్న బాణం దగ్గర ఆగి, గీసిన మనిషినే అడిగేది.

యంత్రాలను నడిపే ప్రోగ్రాములను బొమ్మగా రాసే లాడర్ డయాగ్రమ్ చూడండి. రిలేల, అంటే విద్యుత్తుతో పనిచేసే స్విచ్చుల, వైరింగ్ బొమ్మల నుంచి వచ్చిన భాష అది. రిలేల స్థానంలో పీఎల్‌సీలు, అంటే యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లు, వచ్చినా స్విచ్చు కలిసే చోటైన కాంటాక్టుకు ఆ రెండు నిలువు గీతలే కొనసాగాయి. రిలేలతో పనిచేసిన ఎలక్ట్రీషియన్ కొత్త ప్యానెల్ బొమ్మనూ చదవగలిగింది అందుకే. తీసేయవలసినవైనా మెల్లగా తీయాలి. పీఎల్‌సీ భాషలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61131-3, 2013 నాటి మూడో కూర్పులో, ఆదేశాలను వరుసగా అక్షరాల్లో రాసే ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్ భాషను తొలగించలేదు, ఇక ముందు వాడుక నుంచి తప్పిస్తామని మాత్రం సూచించింది. మీరూ పాత గుర్తును కొత్తగా గీసేవారికి కనిపించకుండా చేయండి, పాత ఫైలులో మాత్రం తెరుచుకోనివ్వండి.

ఇప్పుడు వాడుతున్న బొమ్మలు పది పక్కన పెట్టుకోండి. భాషలో ఏ మార్పు చేసినా, వాటి నుంచి వచ్చే ప్రోగ్రామును మునుపటి దానితో పోల్చండి. మేము అలా చేసి ఉంటే ఆ పొరపాటు మొదటి గంటలోనే దొరికేది.