మార్కుల మెసేజ్ చెరిపేశాడు, మావాడు దారి తప్పుతున్నాడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఫీజు కోసం నా గాజులు తాకట్టు పెట్టాం. వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని కాలేజీలో కింది సెక్షన్‌కి మార్చారు. ఆ సంగతి మాకు చెప్పలేదు. నా ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లు చెరిపేసి, 110 వస్తే 210 అన్నాడు. తెలిశాక మావారు బెల్టుతో కొట్టారు. పదిహేను రోజులుగా వాడితో మాట్లాడటం లేదు. ఇప్పుడు ప్రతి శనివారం రాత్రి కడుపునొప్పి అంటున్నాడు. డాక్టర్ ఏమీ లేదన్నారు. 'నేనెందుకూ పనికిరాను' అంటున్నాడు. గట్టిగా లేకపోతే చెడిపోతాడని మావారి భయం. ఈ అబద్ధాలు ఎలా మాన్పించాలి?

జవాబు: అమ్మా, అబద్ధాల సంగతి తర్వాత చూద్దాం. నన్ను కంగారు పెట్టింది ఆ కడుపునొప్పి, ఆ చివరి మాట. నొప్పి నాటకం కాదు. టెన్షన్ ఎక్కువైతే రిపోర్టుల్లో ఏమీ లేకపోయినా కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. 'పనికిరాను' అన్నప్పుడు 'ఛ, అలా అనకూడదు' అని ఆపేయకండి. పక్కన కూర్చుని 'చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని తల్లులు భయపడతారు. పుట్టదు. అడిగేవాళ్లున్నారని పిల్లలకు ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇక అబద్ధం. 110 అంటే బెల్టు, 210 అంటే ఆ పూట ప్రశాంతంగా అన్నం. ఆ వయసు పిల్లవాడు ఏది ఎంచుకుంటాడు? దెబ్బలు పడేకొద్దీ ఇంకా జాగ్రత్తగా దాచడమే నేర్చుకుంటాడు. పైగా సెక్షన్ మారిన రోజే కాలేజీలో అందరి ముందూ తలదించుకుని ఉంటాడు. విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఓ అమ్మాయి తండ్రి వేసిన కేసులో, వీలైనంత వరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయవద్దని, పిల్లల్ని బహిరంగంగా అవమానించవద్దని 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు, ముఖ్యంగా కోచింగ్ సంస్థలకు చెప్పింది. కాలేజీకి వెళ్లి ఈ విషయం అడిగే హక్కు మీకుంది.

కొట్టడం తప్పే, అందులో మొహమాటం లేదు. మీవారి భయం మాత్రం నాకు అర్థమవుతోంది. తాకట్టు గాజుల బరువు బాబుకీ తెలుసు, మళ్లీ గుర్తుచేయకండి. ఆయనే ముందు మాట్లాడాలి. పెద్ద ఉపన్యాసం వద్దు. 'కొట్టడం నా తప్పురా. ఇకనుంచి ఎన్నొచ్చినా చెప్పు, చెయ్యెత్తను' అంటే చాలు. వచ్చే టెస్టులో 90 వచ్చినా ఆ మాట మీద నిలబడాలి. క్రమశిక్షణ వదిలేయమని అనడం లేదు. రాత్రి పదింటికి ఫోన్లు హాల్లో పెట్టాలనే నియమం ఉండనివ్వండి, మీ ఇద్దరి ఫోన్లతో సహా. ఎనిమిది గంటల నిద్ర మాత్రం కోయకండి.

ఈ ఆదివారం టెస్ట్ రాసి వచ్చాక మార్కులు అడగకండి, అన్నం పెట్టండి. కాస్త కుదుటపడ్డాక ఏ సబ్జెక్టు దగ్గర ఆగిపోతున్నాడో ముగ్గురూ కూర్చుని చూడండి. బాబుకి ఎంపీసీ ఇష్టమో కాదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అదీ అడగండి.