స్టార్‌ను పంపేసిన మరుసటి ఉదయం: మహిళల సాకర్ క్లబ్‌లో ఉద్యోగం గురించి ఒక తల్లికి జవాబు

నార్త్ కరోలినాలోని కేరీ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం: "మా అమ్మాయి పన్నెండో తరగతి పూర్తి చేస్తోంది. ఏడేళ్ళ వయసు నుంచి సాకర్ ఆడింది కానీ పెద్ద స్థాయికి చేరలేదు. ఇప్పుడు మహిళల ప్రొఫెషనల్ సాకర్ క్లబ్‌లోనే ఉద్యోగం చేస్తానంటోంది. ఒకరోజు క్రీడాకారిణుల ట్రేడ్‌లు, అంటే జట్ల మధ్య మార్పిడులు, చూసే విభాగం అంటుంది, మరోరోజు మార్కెటింగ్ అంటుంది. వేరే రాష్ట్రంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయంలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ సీటు, మా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ సీటు వచ్చాయి. మే 1 లోపు తేల్చాలి. ఆ రెండు ఉద్యోగాల్లో ఏది మంచిది? మనుషులను కొని అమ్మడం కూడా ఒక పనేనా? మనవాళ్ళెవరూ ఈ రంగంలో లేరు. వాళ్ళ నాన్న ఈ విషయం మీద మాట్లాడడమే మానేశారు. అమ్మాయి నోటు పుస్తకంలోని మూడు పేజీల ఫోటోలు, తనకు తెలియకుండా తీసినవి, జతచేస్తున్నాను."

అమ్మా,

ప్రతి ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. రెండు దారులను పక్కపక్కన పెట్టి ఏది మంచిదో చెప్పమంటారు గానీ, ఆ తల్లిదండ్రుల మనసులో ఉన్న ప్రశ్న వేరు. మేము ఇంత కష్టపడి ఈ దేశంలో నిలదొక్కుకున్నాము, మా బిడ్డ మాకు తెలియని దారిలో వెళ్ళి పడిపోతే పట్టుకోవడానికి మా చేతుల్లో ఏమీ ఉండదేమో అన్నదే ఆ భయం. మీరు అడిగిన పోలిక కూడా చేస్తాను కానీ, ముందు ఈ భయానికే జవాబు చెప్పాలి. అందుకు మీరు పంపిన ఆ మూడు పేజీలే నాకు ఆధారం.

2025 సెప్టెంబరులో మీ ఊరి జట్టు నార్త్ కరోలినా కరేజ్, ఇరవై ఏళ్ళ జేడిన్ షాను న్యూజెర్సీ, న్యూయార్క్‌ల జట్టయిన గోథమ్‌కు 12.5 లక్షల డాలర్లకు పంపింది. ఈ జట్లు ఆడే జాతీయ మహిళల సాకర్ లీగ్ (NWSL)లో ఒక జట్టు మరో జట్టుకు చెల్లించిన మొత్తాల్లో అప్పటికి అదే అత్యధికం. షా మీ జట్టుకు వచ్చి అప్పటికి తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ఆ వార్త వచ్చిన రాత్రి మీ అమ్మాయి రాసుకున్న మొదటి పేజీలో షా వయసు, ఆడిన నిమిషాలు, కొట్టిన గోల్స్, ఆ స్థానంలో ఆడగల మిగతావారి పేర్లు ఉన్నాయి. రెండో పేజీలో ప్రశ్నలున్నాయి: "షా పేరున్న జెర్సీ కొన్నవాళ్ళకు ఏం చెబుతారు? వచ్చే హోమ్ మ్యాచ్ పోస్టర్ మీద ఎవరి బొమ్మ వేస్తారు? సీజన్ టికెట్ రెన్యువల్ మెయిల్ ఈ వారమే పంపుతారా, ఆపుతారా?" ఆ డబ్బుతో ఎవరెవరిని తెచ్చుకోవచ్చో మూడో పేజీలో లెక్క వేసింది. అభిమాన క్రీడాకారిణి వెళ్ళిపోతే పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏడ్చి పడుకోవడం సహజం, మీ అమ్మాయి మాత్రం కూర్చుని లెక్క రాసింది. ఆమె ఒకరోజు ట్రేడ్‌లని, ఒకరోజు మార్కెటింగని అనడం నిలకడలేనితనం కాదమ్మా. ఆ రెండూ ఒకే పనికి రెండు కొసలని ఆమెకు అప్పుడే అర్థమైంది.

ఆ రెంటినీ విడదీసి చూస్తే ఏమవుతుందో 2018 జనవరిలో జరిగిన మూడు జట్ల ట్రేడ్ చెబుతుంది. ఇప్పటి గోథమ్ పేరు అప్పట్లో స్కై బ్లూ. అంతకుముందు సీజన్‌లో 17 గోల్స్ కొట్టి లీగ్ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి సామ్ కెర్‌ను ఆ జట్టు షికాగోకు ఇచ్చింది, హ్యూస్టన్ నుంచి కార్లీ లాయిడ్‌ను తెచ్చుకుంది. లాయిడ్ న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మనిషి, 2015 ప్రపంచ కప్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టిన మనిషి. సొంతూరి బిడ్డ తిరిగి వచ్చిందంటే పోస్టర్‌కు అంతకంటే ఏం కావాలి? కానీ ఆ ఏడాది స్కై బ్లూ ఆడిన 24 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. కెర్ షికాగోలో ఆ సీజన్ 16, మరుసటి సీజన్ 18 గోల్స్ కొట్టి రెండుసార్లూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. తప్పంతా ఆ ట్రేడ్‌దేనని అనను, ఒక జట్టు ఓడడానికి కారణాలు చాలా ఉంటాయి. అయితే పోస్టర్ మీది బొమ్మ టికెట్టు కొనిపించగలదే గానీ గోల్ కొట్టలేదు. గోల్స్ పడని ఊరిలో ఆ బొమ్మ కూడా త్వరగానే పాతబడుతుంది. ట్రేడ్ విభాగంలో కూర్చున్న వ్యక్తికి గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు గుర్తుండాలి, మార్కెటింగ్ విభాగంలో కూర్చున్న వ్యక్తికి మైదానం అర్థం కావాలి.

మనుషులను కొని అమ్మే పని అని మీరు రాశారు. ఇందాక చెప్పిన 2018 ట్రేడ్‌లో మూడో పేరు క్రిస్టెన్ ప్రెస్. షికాగో ఆమెను హ్యూస్టన్‌కు పంపితే, ఆమె హ్యూస్టన్‌కు వెళ్ళకుండా స్వీడన్‌లోని గోటెబోర్గ్ జట్టులో చేరింది. క్రీడాకారిణి ఇష్టంతో పని లేకుండా ఊరు మార్చేసే పద్ధతి అది, ఆ రోజుల గురించైతే మీ మాటను నేను కాదనను. కానీ 2024 ఆగస్టులో క్రీడాకారిణుల సంఘం, లీగ్ కుదుర్చుకున్న ఒప్పందంతో ఆ పద్ధతి ముగిసింది. ఇప్పుడు క్రీడాకారిణి ఒప్పుకోనిదే ట్రేడ్ లేదు. కళాశాల నుంచి వచ్చే అమ్మాయిలను వరుసలో నిలబెట్టి జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్ కూడా రద్దయింది. తన ఒప్పందం గడువు ముగిశాక తనకు నచ్చిన జట్టుతో మాట్లాడుకునే స్వేచ్ఛ ప్రతి ఒక్కరికీ ఉంది. అంటే ఈ రోజు ఆ విభాగంలో పనిచేసే వ్యక్తి క్రీడాకారిణి ముందు కూర్చుని, మా ఊరికి ఎందుకు రావాలో, మా దగ్గర ఎందుకు ఉండాలో చెప్పి ఒప్పించాలి. దాన్ని అమ్మకం అనడం కంటే సంబంధం కుదర్చడం అంటే దగ్గరగా ఉంటుంది. అది చిన్నతనం పని కాదు.

ఇక ఈ లీగ్ రేపు ఉంటుందా అన్న సందేహం మీ ఉత్తరంలో నేరుగా లేకపోయినా, మీవారి మౌనంలో ఉందని నాకు అనిపిస్తోంది. ఆ సందేహం న్యాయమైనదే. అమెరికాలో మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లు ఇంతకుముందు రెండు మూతపడ్డాయి. ఒకటి 2001లో మొదలై, మరొకటి 2009లో మొదలై, రెండూ మూడేసి సీజన్లకే ముగిశాయి. ఇప్పటి లీగ్ 2013 నుంచి నడుస్తోంది. 2023 నవంబరులో నాలుగేళ్ళకు 24 కోట్ల డాలర్ల ప్రసార ఒప్పందాలు కుదిరాయి. 2026లో బోస్టన్, డెన్వర్ చేరడంతో జట్లు 16 అయ్యాయి, డెన్వర్ ప్రవేశానికే 11 కోట్ల డాలర్లు కట్టారు. ఒక్కో జట్టు జీతాల పరిమితి 2025లో 33 లక్షల డాలర్లు, అది 2030 నాటికి 51 లక్షలకు చేరుతుంది. ఇంత డబ్బు పెట్టినవాళ్ళు లెక్కలు చూసేవారినీ, గ్యాలరీ నింపేవారినీ వెతుక్కోక తప్పదు.

మార్కెటింగ్ అంటే సామాజిక మాధ్యమాల్లో బొమ్మలు పెట్టడమని మీ అమ్మాయి అనుకోవడం లేదు. మీరు అనుకుంటున్నారేమోనని నా అనుమానం. లాస్ ఏంజెలస్‌లోని ఏంజెల్ సిటీ జట్టు 2022లో ఆడడం మొదలుపెట్టి, 2025 వరకు ప్లేఆఫ్స్‌కు చేరింది ఒక్కసారే. అయినా 2024లో ఆ క్లబ్ విలువను 25 కోట్ల డాలర్లుగా లెక్కగట్టి కొత్త యజమానులు తీసుకున్నారు. స్పాన్సర్ల డబ్బులో పదో వంతు ఊరి పనులకు ఇస్తామని మొదటి నుంచీ చెప్పి, ఊరిని తమ వైపు తిప్పుకున్న జట్టు అది. ఆ జట్టే 2025 సెప్టెంబరులో తమ ఊరి పిల్ల అలిస్సా థాంప్సన్‌ను ఇంగ్లండ్‌లోని చెల్సీకి పంపింది. చెల్లెలు జిజెల్ ఏంజెల్ సిటీలోనే ఉండిపోయింది. అక్క వెళ్ళిపోయాక చెల్లెలి బొమ్మను ఏ మాటతో ముందుకు తేవాలి, ఎంతకాలం ఆగి తేవాలి అన్నది తేలికైన ప్రశ్న కాదు. మాట జారితే ఏమవుతుందో బోస్టన్ చూపించింది. 2024 అక్టోబరులో ఆ క్లబ్ తన పేరును ప్రకటిస్తూ, పురుషుల జట్లను ఎకసెక్కం చేసే నినాదంతో ప్రచారం చేసింది. ఊరు మండిపడింది, క్లబ్ క్షమాపణ చెప్పింది, కొన్ని నెలలకు పేరే మార్చుకుని బోస్టన్ లెగసీ అయింది. ఒక్క మ్యాచ్ ఆడకముందే జరిగిన నష్టమది.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం గట్టిగానే అనవలసి ఉంది, మన్నించండి. పదేళ్ళపాటు శనివారం ఉదయాలు ఆ పిల్లను మైదానానికి తీసుకువెళ్ళింది మీరే, కళాశాల దరఖాస్తు వ్యాసంలో సాకర్ గురించి రాయమన్నదీ మీరేనని మీ ఉత్తరమే చెబుతోంది. దరఖాస్తు మీద అందంగా కనిపించినంతసేపు ఆట గొప్పది, అదే పనిగా చేస్తానంటే పరువు తక్కువది, ఇది ఏం న్యాయం? మనవాళ్ళెవరూ లేరన్నారు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన సౌమ్య గుగులోత్ భారత జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. ఆ ఇంటివాళ్ళు ఎవరిని చూసి ధైర్యం తెచ్చుకుని ఉంటారు? రేపు ఏదైనా శుభకార్యంలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్న బెంగతో మీ అమ్మాయి జీవితాన్ని కొలవకండి. అడిగినవాళ్ళు భోజనం ముగిసేసరికి ఆ సంగతి మరచిపోతారు. ఇంట్లో మాట్లాడడం మానేసిన తండ్రి మౌనాన్ని మాత్రం ఆమె ఏళ్ళ తరబడి మోస్తుంది.

అలాగని ఆమె కోరినదంతా ఇచ్చేయమని నేను అనడం లేదు. నాకు నిజమైన అనుమానం ఆ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ సీటు మీదే. ఈ చదువు కొత్తదేమీ కాదు, ఒహాయో విశ్వవిద్యాలయంలో 1966 నుంచి ఉంది. మంచి గురువులూ, ఈ రంగంలో స్థిరపడిన పూర్వ విద్యార్థులూ ఉన్న చోట దానికి విలువ ఉంది. కానీ గత కొన్నేళ్ళుగా అది ఫ్యాషన్‌గా మారి, స్టేడియం బొమ్మలున్న కరపత్రంతో భారీ ఫీజులు వసూలు చేసే కోర్సులు పెరిగాయి. నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి అలాంటి కోర్సుకు పెద్ద అప్పు చేసి, చివరకు ఒక క్లబ్‌లో ఫోన్ మీద టికెట్లు అమ్మే ఉద్యోగంలో చేరింది. ఆ ఉద్యోగం చెడ్డది కాదు, ఈ రంగంలో చాలామంది మొదటి మెట్టు అదే. బాధ ఏమిటంటే, ఆమె పక్క కుర్చీలోని కుర్రవాడు చరిత్రలో డిగ్రీ చేసి, అప్పు లేకుండా అదే ఉద్యోగంలోకి వచ్చాడు.

ఆ అమ్మాయి నాకు చెప్పిన సంగతి ఒకటి మీ అమ్మాయికి ఉపయోగపడుతుంది. వాళ్ళ క్లబ్ తన పెద్ద స్టార్‌ను ట్రేడ్ చేసిన మరుసటి ఉదయం ఎనిమిది గంటలకే ఫోన్లు మొదలయ్యాయట. ఒక తండ్రి, తన కూతురి పుట్టినరోజుకు కొన్న జెర్సీ మీద పేరు మార్చి ఇస్తారా అని అడిగాడు. ఏం చెప్పాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ట్రేడ్ చేసిన గది నుంచి టికెట్లు అమ్మే గదికి ఒక్క కాగితం కూడా రాలేదు. ఆమె కొంతసేపు ఆలోచించి, ఆ పాపను తర్వాతి మ్యాచ్‌కు గంట ముందు తీసుకురమ్మని, సాధన చేస్తున్న ఒక యువ క్రీడాకారిణితో మాట్లాడించింది. ఆ కుటుంబం సీజన్ టికెట్లు వదులుకోలేదు. ఈ పనిని ఏ తరగతి గదీ నేర్పదు, ఆ ఫోన్ దగ్గర కూర్చున్నవాళ్ళకే అది అబ్బుతుంది.

మీరు అడిగిన పోలిక విషయానికి వస్తే, ట్రేడ్‌ల వైపు కుర్చీలు చాలా తక్కువ. జనరల్ మేనేజర్, ఆయనకో ఆమెకో సహాయకులు, ఒప్పందాలు, జీతాల పరిమితి లెక్కలు చూసేవారు, గణాంకాలు చూసేవారు, కొత్తవారిని వెతికే స్కౌట్లు, అంతే. అక్కడికి ఆట ఆడినవారు, చట్టం చదివినవారు, గణితం వచ్చినవారు చేరతారు. టికెట్లు, స్పాన్సర్లు, ప్రచారం వైపు కుర్చీలు ఎక్కువ, మొదటి జీతం తక్కువ, సాయంత్రాలు, వారాంతాలు మీ అమ్మాయివి కావు. ఏ వైపు వెళ్ళినా మొదటి కొన్నేళ్ళు మీ స్నేహితుల పిల్లల జీతాలతో పోల్చుకోకండి. అన్నిటికంటే ముఖ్యం, స్టాటిస్టిక్స్ చదివితే ఈ రెండు తలుపులతో పాటు ఆటతో సంబంధం లేని ఇంకా చాలా తలుపులు తెరిచే ఉంటాయి. మీ భయానికి అసలైన మందు అదే.

కాబట్టి మే 1 లోపు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ సీటే ఖాయం చేయండి. రాష్ట్ర విద్యార్థులకు ఫీజు తక్కువ కనుక అప్పు భారం లేకుండా ఆమె నాలుగేళ్ళు ప్రయోగాలు చేయగలదు. చేరిన మొదటి నెలలోనే అక్కడి మహిళల సాకర్ జట్టు కోచ్‌ను కలిసి, వీడియోలు కత్తిరించడమో, గణాంకాలు రాయడమో, ఏ పని ఇచ్చినా చేస్తానని అడగమనండి. సాకర్ గణాంకాలు సేకరించే స్టాట్స్‌బాంబ్ సంస్థ కొన్ని మహిళల మ్యాచ్‌ల వివరాలను ఉచితంగా అందుబాటులో పెట్టింది. వేసవిలో వాటితో ఒక చిన్న విశ్లేషణ రాసి నలుగురికీ కనిపించేలా పెట్టమనండి. మీ ఇంటికి దగ్గరలోనే కరేజ్ మైదానం ఉంది కదా, మ్యాచ్ రోజుల్లో గేటు దగ్గరైనా, టికెట్ల గదిలోనైనా పని దొరికితే ఒక సీజన్ పూర్తిగా చేయనివ్వండి. ఆ తర్వాత కూడా స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కావాలనిపిస్తే, అప్పుడు ఏ కోర్సు కావాలో ఆమెకే తెలుస్తుంది.

ఇంకొక్క సంగతి. ఆ ఫోటోలు తనకు తెలియకుండా తీసి పంపారు, ఆ మాట ఆమెకు చెప్పేయండి. ఒక సాయంత్రం వాళ్ళ నాన్నను కూర్చోబెట్టి, ఆ పుస్తకాన్ని ఆమె చేతనే తెరిపించండి. ఆయన అడిగే మొదటి ప్రశ్న డబ్బు గురించే అయివుంటుంది, ఆ 12.5 లక్షలతో జట్టు ఏం చేయగలదని. దానికి మూడో పేజీలో జవాబు ఉంది, కూడికల్లో ఒక్క తప్పు కూడా లేదు, నేను రెండుసార్లు చూశాను.