వంటలక్క ఇంటికి వెళ్లడం ఎందుకు మానేశాం?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది వనస్థలిపురం. టీవీలో 'కార్తీక దీపం' సీరియల్ మొదలైనప్పటి నుంచీ మా అత్తయ్య గారు ఒక్క ఎపిసోడ్ వదల్లేదు. ఏడున్నర దాటాక ఫోన్ మోగినా ఎత్తేవారు కాదు. అలాంటి మనిషి 2022లో ఒకరోజు రిమోట్ పక్కన పెట్టేసి "ఇంక చాల్లేమ్మా" అన్నారు. జీడిపాకంలా సాగదీశారు కాబట్టే జనం వదిలేశారని మావారు అంటారు. అంతేనంటారా?

జవాబు: మీవారి మాట నేను ఒప్పుకోనమ్మా. సాగదీతే కారణమైతే అది రెండో ఏడే ఆగిపోవాలి. 2017 అక్టోబర్‌లో మొదలైన ఈ సీరియల్ మలయాళం 'కరుతముత్తు'కి రీమేక్, అక్కడ చేసిన ప్రేమీ విశ్వనాథే ఇక్కడా దీప, అదే మన వంటలక్క. కథ మొత్తానికీ ముడి ఒక్కటే. నీకు పిల్లలు పుట్టరని, తన మీద మనసు పడ్డ మోనిత నమ్మించడంతో డాక్టర్ బాబు కార్తీక్, గర్భవతి అయిన భార్య దీపని అనుమానించాడు. డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే తేలిపోతుంది, డాక్టరై ఉండీ చేయించుకోడు. మనకి నిజం తెలుసు, ఆయనకి తెలీదు. ఆ మధ్యలో మనం ఏళ్ల తరబడి కూర్చున్నాం, విసుక్కుంటూనే కూర్చున్నాం.

మా నల్లకుంట వీధి చివర ఒక కర్రీ పాయింట్ ఉంది. దాన్ని నడిపే ఆవిడ భర్త వదిలేసి వెళ్లిన మనిషి, వంట మీదే ఇద్దరు పిల్లల్ని చదివించింది. సాయంత్రం సాంబారు కవర్లకి రబ్బరు బ్యాండ్లు చుడుతూ, గోడకున్న చిన్న టీవీ వైపే చూస్తూ, "ఈరోజైనా నమ్ముతాడా మేడమ్?" అని నన్నే అడిగేది. దీప వంట చేసి బతికింది, నల్లగా ఉందని మాటలు పడింది, ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఆవిడ చూసింది సీరియల్‌ని కాదు, తన పక్షాన ఎవరైనా మాట్లాడతారేమోనని చూసింది. ఈ సీరియల్ ఎదిగింది అక్కడే అని నా గట్టి నమ్మకం.

డాక్టర్ బాబుకి నిజం తెలిసిపోయాక 'నమ్ముతాడా' అన్న ఆ ప్రశ్న అయిపోయింది. అక్కడ గౌరవంగా ముగించాల్సింది, ముగించలేదు. మోనిత గర్భం, పోలీసు కేసు, జైలు అంటూ కథని ఎటెటో తిప్పారు. అప్పటికీ జనం చూశారు, ఎందుకంటే దీప ఉంది. 2022లో యాక్సిడెంట్ పెట్టి దీపనీ కార్తీక్‌నీ తీసేసి, పిల్లల్ని పెద్దవాళ్లని చేసేశారు చూడండి, దెబ్బ అక్కడ తగిలింది. కర్రీ పాయింట్‌లో పాటల ఛానల్ మొదలైంది. అడిగితే "వంటలక్క లేదు కదా, ఇంక నాకేం పని" అంది. రేటింగులు పడ్డాయని ఆ ఏడాదిలోనే ఇద్దర్నీ వెనక్కి తెచ్చారు గానీ, డాక్టర్ బాబుకి గతం గుర్తులేదని, మోనితే తన భార్యనని చెబుతోందని మళ్లీ పాత ముడే వేశారు. ఒకసారి విప్పేసిన ముడి కోసం ఎవరు ఎదురుచూస్తారు? 2023 జనవరి 23న ఆపేశారు, అప్పటికి 1,500 పైచిలుకు ఎపిసోడ్లయ్యాయి.

మీ అత్తయ్య గారికి ఓపిక తగ్గి మానేశారని అనుకోకండి. ఆవిడకి నచ్చిన మనిషి ఆ ఇంట్లో లేకుండా పోయింది, అందుకే వెళ్లడం మానేశారు.

ప్రశ్న: రెండో భాగం చూడాలంటే మొదటిది తెలియాలా? (ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అక్కర్లేదు. 2024 మార్చిలో మొదలైన దాంట్లో దీప, కార్తీక్ పేర్లు అవే, నటులూ ప్రేమీ విశ్వనాథ్, నిరుపమ్ పరిటాలే, కథ మాత్రం కొత్తది. మా కర్రీ పాయింట్ ఆవిడ మొదటి రోజే టీవీ ఆ ఛానల్‌కి తిప్పింది.