కాగ్యాట్‌లో కాగితం మడతల ప్రశ్నలకి పాప ఏడుస్తుంటే

మీ ఆరేళ్ల పాప కాగ్యాట్ (CogAT, అమెరికా స్కూళ్లలో పిల్లల ఆలోచనా శక్తిని చూసే పరీక్ష) వర్క్‌బుక్‌లో కాగితం మడతల ప్రశ్నలు రాగానే ఏడుస్తోందన్నారు కదా, ముందు ఆ పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టేయండి. మామూలు కాగితం ఒకటి సగానికి మడిచి, పంచ్‌తో చిల్లు పెట్టి, విప్పకముందే ఎన్ని చిల్లులుంటాయో, ఎక్కడెక్కడ ఉంటాయో పాపనే చెప్పమనండి, తప్పు చెప్పినా పర్లేదు, విప్పి చూస్తే తనకే అర్థమవుతుంది. అది వచ్చాక ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా మడిచి అడగండి, ఈసారి నాలుగు చిల్లులొస్తాయి. బొమ్మ చూసి మడత ఊహించుకోవడం ఆ వయసుకి కష్టమేనండీ, పాప తప్పేం లేదు. పుస్తకం మళ్లీ తీసినా రోజుకి పది నిమిషాలు చాలు, జవాబు చెప్పగానే "ఇదే ఎందుకనుకున్నావ్?" అని అడగండి. ఇంకోటి, చిన్న తరగతుల్లో కొన్ని ప్రశ్నలు టీచరే చదివి వినిపిస్తారు, కాబట్టి చివరిదాకా విని అప్పుడు జవాబు గుర్తించడం కూడా ఇంట్లోనే అలవాటు చేయండి.