ప్రతి జనవరిలో ఆదికాండము మొదలుపెట్టి లేవీయకాండము దగ్గర ఆగిపోతున్నా, రోజూ బైబిల్ చదివే అలవాటు ఎలా?

చాలామంది బండి అక్కడే ఆగుద్దండి, వరసగా బలుల నియమాలే కదా. మొత్తం 1189 అధ్యాయాలు, ఏడాదిలో అవ్వాలంటే రోజుకి మూడు నాలుగు చదవాలి, కొత్తవాళ్ళకి అది ఎక్కువే. నన్నడిగితే మార్కు సువార్తతో మొదలెట్టండి, 16 అధ్యాయాలే. తర్వాత బైబిల్లోనే సామెతల గ్రంథం, అందులో 31 అధ్యాయాలు కాబట్టి ఈరోజు ఏ తారీఖైతే ఆ అధ్యాయం తీస్తే చాలు, మధ్యలో ఒకరోజు మిస్సయినా ఎక్కడ ఆపానా అని వెతుక్కోనక్కర్లేదు. టైం మాత్రం ఒకటే ఫిక్స్ చేసుకోండి, పొద్దున కాఫీ అప్పుడో పడుకునే ముందో. ఫోన్లో చదివితే వాట్సాప్ మెసేజ్ వచ్చి వాక్యం సగంలో ఆగిపోద్ది (నా సంగతే చెప్తున్నా), అందుకే పుస్తకమే బెటర్. పాత అనువాదం గ్రాంథికంగా ఉండి అర్థంకాకపోతే వాడుక భాషలో ఉన్నది తీసుకోండి, తప్పేం లేదు.