మంచు చేల మధ్య ఒంటరితనం: ముందు కారు తాళం మీ చేతికి రావాలి

ప్రశ్న: మావారు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, రెండు వేల జనాభా ఉన్న ఊళ్లో డాక్టరు. జె-1 వేవర్ (శిక్షణ వీసా షరతు నుంచి మినహాయింపు) మీద చేరి ఏడు నెలలైంది. ఒక వారమంతా పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా డ్యూటీ, మరుసటి వారం సెలవు. ఆ సెలవంతా నిద్రే. నాకు నాలుగు నెలల పాప. భర్త వీసాను బట్టి వచ్చే హెచ్-4 వీసా, ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు. చుట్టూ మంచు కప్పిన చేలు. ఎన్నికలు ముగిసినా పక్కింటి ముందు పార్టీ జెండాలు, బోర్డులు తీయలేదు. అవి చూస్తే బయటికి రావాలంటే భయం. ‘సర్దుకుపో’ అంటుంది అమ్మ. ‘మూడేళ్లే కదా’ అంటారు ఆయన. అన్నీ వదిలి డాలస్ వెళ్లిపోదామని నేను. రోజూ గొడవే. నాది తప్పా?
- ఓ సోదరి, అయోవా

జవాబు: తప్పు కాదమ్మా. బస్సు లేని ఊళ్లో, గడ్డకట్టే చలిలో, చంటిబిడ్డతో, కారు నడపడం రాకుండా ఉండటమంటే ఇంట్లో బందీగా ఉన్నట్టే. సర్దుకుపొమ్మనే వాళ్లకు ఆ దూరాలు తెలియవు.

డాలస్ మాట మాత్రం పక్కన పెట్టండి. అడ్డం మీవారి మొండితనం కాదు, ఆయన సంతకం పెట్టిన ఒప్పందం. జె-1 మీద రెసిడెన్సీ (ఆస్పత్రిలో వైద్య శిక్షణ) చేసిన డాక్టరు తిరిగి స్వదేశంలో రెండేళ్లు ఉండాలి. డాక్టర్లు కరువైన చోట వారానికి 40 గంటల చొప్పున మూడేళ్లు పనిచేస్తే ఆ షరతు తీసేస్తారు. 1994లో మొదలైన కాన్రాడ్ పథకం ఇదే. రాష్ట్రానికి ఏటా 30 మందికే అవకాశం. మధ్యలో మానేస్తే రెండేళ్ల షరతు మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. ఆస్పత్రి మూతపడటం లాంటి గట్టి కారణం ఉంటేనే ఇంకో కొరత ప్రాంతానికి మారనిస్తారు. అంటే ఇంకా 29 నెలలు. అలాగని ‘మూడేళ్లే కదా’ అని తేల్చేయడం న్యాయం కాదు. ఆ మూడేళ్లు ఆయనకు ఆస్పత్రిలో మనుషుల మధ్య గడుస్తాయి, మీకు నాలుగు గోడల మధ్య.

ముందు మీ ఆరోగ్యం. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టడం లేదా? ఊరికే ఏడుపొస్తోందా? పాపను ఎత్తుకోవాలన్నా విసుగ్గా ఉందా? రెండు వారాలకు పైగా ఇలా ఉంటే కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. నాలుగో నెల టీకాలకు ఎలాగూ వెళ్తారు. అప్పుడు ఈ డిప్రెషన్‌ను పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇమ్మని అడగండి. పది ప్రశ్నలు, 30 మార్కులు. 10 గానీ ఆపైన గానీ వస్తే డాక్టరుతో వివరంగా మాట్లాడాలి. భర్త పనిచేసే ఆస్పత్రిలో చెప్పుకోవడానికి మొహమాటమైతే 1-833-852-6262కి ఫోన్ చేయండి. గర్భిణులకు, బాలింతలకు పెట్టిన లైన్ అది, రాత్రయినా పగలయినా ఉచితం. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 988కి చేయండి, మార్కుల కోసం ఆగొద్దు.

ఇక కారు. మీ ఇద్దరి గొడవల్లో సగం దీనివల్లేనని నా నమ్మకం. అయోవాలో చాలా కౌంటీల్లో, అంటే జిల్లాల్లో, లైసెన్సు ఇచ్చేది కౌంటీ ట్రెజరర్ కార్యాలయం. మొదట కంటి పరీక్ష, తర్వాత 35 ప్రశ్నల రాతపరీక్ష, అందులో 28 సరిగ్గా రాయాలి. ఫిబ్రవరి, మార్చి పర్మిట్‌కు (మన ఎల్ఎల్ఆర్ లాంటిది) చదువుకోవడానికి, ఖాళీ పార్కింగ్ స్థలంలో బ్రేకు మీద కాలు కుదరడానికి సరిపోతాయి. మంచు కరిగాక రోడ్డెక్కండి. కంకర రోడ్డు మీద గంటకు 35 మైళ్లు దాటొద్దు. అంచున వదులుగా ఉన్న రాళ్లలోకి చక్రం దిగితే స్టీరింగ్ గట్టిగా తిప్పకుండా, మెల్లగా యాక్సిలరేటర్ వదలండి. జులై నుంచి మొక్కజొన్న మనిషి కన్నా ఎత్తు పెరుగుతుంది. స్టాప్ బోర్డు లేని కూడళ్లలో అడ్డంగా వచ్చే బండి కనపడదు, దాదాపు ఆగి చూసుకోవాలి. అక్టోబరు, నవంబరుల్లో పొద్దుగూకే వేళ జింకలు అడ్డొస్తాయి. బ్రేకు వేయండి గానీ పక్కకు తిప్పొద్దు, కాలువలో పడితే ఇంకా ప్రమాదం. చలికాలంలో ట్యాంకు సగం కన్నా తగ్గనివ్వొద్దు. దుప్పటి, పార, టార్చి డిక్కీలో ఉండాలి. మంచులో ఇరుక్కుంటే కారు దిగి నడవొద్దు. గంటకు పది నిమిషాలే ఇంజిన్ నడపండి, అదీ పొగగొట్టం చుట్టూ మంచు తీసేశాకే. లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది.

ఒక జాగ్రత్త. లైసెన్సు కౌంటర్లో ‘ఓటరుగా నమోదు చేయమంటారా’ అని అడుగుతారు. ‘వద్దు’ అనే చెప్పాలి. పౌరసత్వం లేనివాళ్లు తెలియక సంతకం చేసినా వీసాకు, గ్రీన్‌కార్డుకు పెద్ద చిక్కు. ఎవరైనా ఎన్నికల చందా అడిగినా అంతే, హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు.

పక్కింటి జెండాల భయం నాకు అర్థమైంది. ఇదే అయోవా 2008లో, 2012లో ఒబామాను గెలిపించింది. ఆ తర్వాత మూడుసార్లు ట్రంప్‌ను గెలిపించింది. ఒబామాకు రెండుసార్లు మెజారిటీ ఇచ్చిన 31 కౌంటీలు 2016లో అటు తిరిగాయి. మనుషులు పాతవాళ్లే. వాళ్ల ఓటు గురించి మీరు ఎత్తొద్దు, వాళ్లెత్తితే ‘మాకు ఇక్కడ ఓటు లేదండీ’ అంటే చాలు. వాన గురించి, మొక్కజొన్న ధర గురించి, పాప గురించి అడగండి, అక్కడ మాటలు కలిసేది వీటితోనే. ఎవరైనా ఏదైనా వండి గిన్నెలో పెట్టి తెచ్చిస్తే, మనం పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వనట్టే, నాలుగు గారెలు వేసి పంపండి. ఎవరైనా బెదిరించినా, కించపరిచినా మాత్రం సర్దుకోవద్దు. తేదీ రాసి పెట్టుకుని పోలీసులకు చెప్పండి. లైబ్రరీలో పసిపిల్లలకు కథలు చెప్పే రోజు ఉంటుంది, కనుక్కోండి. అక్కడ ఇంకో తల్లి ఒక్కరు పరిచయమైనా మీకు వారం గడిచే తీరు మారుతుంది.

మీరున్నది ఊరి బయట బావి నీళ్ల ఇల్లయితే, పాపకు డబ్బాపాలు కలిపే ముందు నైట్రేట్ పరీక్ష చేయించండి. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే అది పోదు, ఇంకా చిక్కబడుతుంది. మనకు నీళ్లు కాచే అలవాటు గనుక ప్రత్యేకించి చెబుతున్నాను. కౌంటీ ఆరోగ్య శాఖను అడగండి, పరీక్ష ఉచితంగా చేయించే ఏర్పాటుంది.

ఉద్యోగం సంగతి. కొరత ప్రాంతంలో ఐదేళ్లు పనిచేసే డాక్టర్లకు గ్రీన్‌కార్డుకు వేరే దారి ఉంది, ఈ మూడేళ్లూ అందులో కలుస్తాయి. ఐదేళ్లు పూర్తికాకముందే ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం పెట్టే పిటిషన్) వేయవచ్చు. అది ఆమోదం పొందితే ఇప్పటి నిబంధన ప్రకారం మీరు పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. లాయరుతో మాట్లాడేటప్పుడు ఆయన ఒక్కరే కాదు, మీరూ కూర్చోండి.

వచ్చే సెలవు వారంలో మొదటి రెండు రోజులు ఆయన్ను నిద్రపోనివ్వండి, పన్నెండు గంటల డ్యూటీ మనిషిని పిండేస్తుంది. మూడో రోజు నుంచి పొద్దున రెండు గంటలు పాప ఆయన దగ్గర, మీరు చదువుకు. సాయంత్రం ఒక గంట ఆయన పక్క సీట్లో, స్టీరింగ్ ముందు మీరు. అమ్మను రప్పించుకునే ఆలోచన ఉంటే మే నెలకు టికెట్ చూడండి. అప్పటికి విమానాశ్రయానికి మీరే కారులో వెళ్లగలరు.