పొలం అమ్మే ముందు క్లాస్-1 మెడికల్

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పైలట్ అవుతానని పట్టుబట్టింది. 60 లక్షలు ఒకేసారి కడితే రాయితీ ఇస్తామని, ఉద్యోగం గ్యారంటీ అని ఒక సంస్థవాళ్లు చెబుతున్నారు. పొలం అమ్మితే సరిపోతుంది. అమ్మాయికి కళ్లద్దాలున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: పొలం ఇప్పుడే అమ్మకండి. అమ్మాయిని మాత్రం వెనక్కి లాగకండి. ఎంపీసీ కాబట్టి ఫిజిక్స్, మ్యాథ్స్ అర్హతకు ఢోకా లేదు. ఆడపిల్ల అన్న బెంగా వద్దు, మహిళా పైలట్ల శాతంలో మన దేశం ప్రపంచ సగటు కంటే చాలా ముందుంది.

ముందు తేలాల్సింది మెడికల్. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర మొదటి దశ వైద్య పరీక్ష అయిన క్లాస్-2 చేయించండి, అది అయ్యాక క్లాస్-1. కమర్షియల్ లైసెన్సుకు క్లాస్-1 తప్పనిసరి. కొందరు క్లాస్-2 రాగానే లక్షలు కట్టేస్తారు. తర్వాత క్లాస్-1లో ఈసీజీ దగ్గరో, వినికిడి పరీక్ష దగ్గరో ఆగిపోతే ఎవరికి చెప్పుకుంటారు? కళ్లద్దాల గురించి టెన్షన్ పడకండి, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు. రంగులు గుర్తించడంలో లోపం ఉందేమో చూడాలి. రంగు చుక్కల మధ్య అంకెలుండే ఇషిహారా పుస్తకం కంటి డాక్టర్ల దగ్గర ఉంటుంది. ఈ వారమే తీసుకెళ్లండి, కాసేపట్లో తేలిపోతుంది.

ఇంటర్ మెమో రాగానే బోర్డు వెరిఫికేషన్ చేయించి డీజీసీఏ పరీక్షలు రాయడానికి కావాల్సిన కంప్యూటర్ నంబరుకు అప్లై చేయండి. నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లలో 70 శాతం రావాలి. ఫ్లయింగ్ మొదలుపెట్టే ముందే వీటిలో కొన్నయినా గట్టెక్కడం మంచిదని నా అభిప్రాయం. ఖర్చు తక్కువ, పైగా ఈ చదువు అమ్మాయికి నిజంగా పడుతుందో లేదో తెలిసిపోతుంది.

ఇక శిక్షణ సంస్థ. లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. యూపీలోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇగ్రువా ఉంది, దానికి ఎంట్రన్స్ రాయాలి. ఎక్కడికి వెళ్లినా బ్రోచర్ పక్కనపెట్టి, అక్కడ నేర్చుకుంటున్న ఒకరిని అడిగి లాగ్‌బుక్ చూడండి. తేదీ, విమానం రిజిస్ట్రేషన్, ఎగిరిన సమయం వరుసగా రాసి ఉంటాయి. ఒక తేదీకీ తర్వాతి తేదీకీ మధ్య ఎన్ని రోజులు పోయాయో లెక్కపెట్టండి. నెలకు 20 గంటలు పడుతుంటే ఏడాదిలోపు అయిపోతుంది. ఐదారు గంటలే అయితే మూడేళ్లు పడుతుంది. విమానం మెయింటెనెన్స్‌లో ఉందనో, ఇన్‌స్ట్రక్టర్ లేరనో, వానలనో ఆగిన ప్రతి నెలా హాస్టల్ ఖర్చు మీదే. అందుకే ఎగిరిన గంటలను బట్టి వాయిదాల్లో కట్టేలా రాతపూర్వకంగా మాట్లాడుకోండి. రాయితీకి ఆశపడి మొత్తం ముందే కట్టొద్దు.

ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను అస్సలు నమ్మకండి. ఉద్యోగం ఇచ్చేది ఎయిర్‌లైన్. పైగా ఖర్చు 60 లక్షలతో ఆగదు. లైసెన్సు వచ్చాక ఎయిర్‌బస్ 320 లాంటి విమానంపై టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపేందుకు ప్రత్యేక అర్హత) చేయాలి, దానికి మరో 12 నుంచి 20 లక్షలు అవుతుంది. ఆ తర్వాత పిలుపు కోసం నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఎదురుచూడాలి. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలు కొనే ఒప్పందాలు ప్రకటించాయి. కానీ అదే ఏడాది మేలో గో ఫస్ట్ అనే ఎయిర్‌లైన్ విమానాలు నిలిచిపోయాయి. అంతకుముందు 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు అనుభవమున్న పైలట్లే ఉద్యోగాలు వెతుక్కున్నారు. అలాంటి ఏడాదిలో చేతిలో 200 గంటలే ఉన్న పిల్లలకు అవకాశం దొరకడం ఎంత కష్టమో ఆలోచించండి. టైప్ రేటింగ్ డబ్బును, రెండేళ్ల ఇంటి ఖర్చును ఈ లెక్కలో ఇప్పుడే కలుపుకోండి.

బ్యాంకు లోను కూడా అడిగి చూడండి. ఇంత మొత్తానికి హామీ అడుగుతారు, సాగు భూమిని చాలా బ్యాంకులు ఒప్పుకోవు. ఈలోగా అమ్మాయిని దూరవిద్యలో డిగ్రీకి చేర్పించండి. ఎదురుచూడాల్సి వచ్చిన రోజుల్లో మరో ఉద్యోగం చేసుకోవడానికి అది పనికొస్తుంది.